వెనక రేకు

తొమ్మిదో కాలు బిగించాక ఆమె దాన్ని వేలితో అదిమి చూసింది. కదల్లేదు. కాళ్ళంటే చిక్కుడు గింజంత ఇత్తడి ముక్కలు. కేబినెట్ లోపలి ఇనుప పలకకు వాటిని బిగించి, వాటి మీద మదర్‌బోర్డును పడుకోబెట్టాలి. ఒక్కటి తగ్గితే బోర్డు ఆ మూల వంగుతుంది. ఒక్కటి తప్పు చోట ఉంటే అడుగున తగిలి బోర్డు కాలిపోతుంది. ఆమె బోర్డును రెండు చేతులతో అంచులు పట్టుకుని, నిద్రపోతున్న పసివాణ్ణి దించినట్టు దించింది. తొమ్మిది రంధ్రాల్లోంచీ తొమ్మిది ఇత్తడి చుక్కలు పైకి మెరిశాయి.

కంప్యూటర్ల షాపు వెనక గది అది. ఒక కిటికీ, ఒక ట్యూబ్‌లైటు, నల్ల రబ్బరు పరిచిన బల్ల, ఎవరూ కూర్చోని ఒక స్టూలు. బల్ల మీద ఏడు బిస్కెట్ డబ్బాల్లో ఏడు రకాల స్క్రూలు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా ఏది ఏ డబ్బాదో చెప్పగలదు కాబట్టి షాపులో అందరూ ఆమెను స్క్రూలక్క అంటారు. ఓనరుకు అరవై దాటాయి, ఆయనా అక్కా అనే అంటాడు. ఆమెకు నలభై ఆరు.

పద్నాలుగేళ్ళ కిందట ఈ గది ఊడవడానికి వచ్చింది. అంతకుముందు ఒక దర్జీ దగ్గర చొక్కాలకు కాజాలు కుట్టేది. అంతకుముందు రెండేళ్ళు కాపురం చేసింది. ఆ రెండేళ్ళ గురించి ఆమె చెప్పదు. ఒక ట్రంకు పెట్టెతో పిన్ని ఇంటికి తిరిగొచ్చిన రోజు పిన్ని కూడా ఏమీ అడగలేదు, పెట్టె ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చూపించింది. ఊడవడానికి చేరిన రెండో వారం, అప్పటి మెకానిక్కు తీగల చిక్కు విప్పలేక కత్తెర కోసం వెతుకుతుంటే, ఆమె చీపురు గోడకు ఆనించి వచ్చి, కూర్చుని విప్పింది. ఆ ముసలాయన ఆ చేతుల వంక కాసేపు చూసి, మర్నాడు చీపురు ఇంకొకరికి ఇమ్మని ఓనరుకు చెప్పాడు.

గదికీ ముందున్న షాపుకూ మధ్య చెక్క గోడలో చిన్న కిటికీ ఉంది. కౌంటరు సారు ఆర్డరు స్లిప్పులు అందులోంచే లోపలికి జరుపుతాడు. ప్రతి స్లిప్పుకూ పైన తెల్ల కాగితం, కింద కార్బన్ పడిన పచ్చ కాగితం. తెల్లది కొన్నవాళ్ళకు, పచ్చది ఆమెకు. పని మొదలుపెట్టగానే ఆమె దాన్ని బల్ల మూలనున్న మేకుకు గుచ్చుతుంది. స్లిప్పు అడుగున 'సూచన' అని ఒక గడి. వేరే షాపుల్లో అది ఖాళీగా ఉంటుంది. ఈయన పదకొండేళ్ళలో ఒక్కటీ ఖాళీగా వదల్లేదు.

'తాతగారు వంగలేరు. బటన్ పైన ఉన్న కేబినెట్ ఇప్పించాను.'

'ఇంట్లో పసిబిడ్డ. ఫ్యాను చప్పుడు వినబడకూడదు.'

'పిల్లి ఉందట. అడుగున జాలీ మర్చిపోకండి. పిల్లి పేరు కూడా చెప్పారు కానీ మనకు అనవసరం.'

అన్నిటికీ చివర ఒకే మాట, కింద రెండు గీతలతో: 'తొందర.' కంప్యూటరు కొనేవాళ్ళలో తొందర లేనివాళ్ళు ఆయనకు ఇంతవరకూ తగల్లేదు.

ఆమె ఎప్పుడూ తిరిగి ఏమీ రాయలేదు. చెప్పాల్సింది కేబినెట్ లోపల చెప్పేది. తీగలన్నీ పలక వెనక్కి తిప్పి, జడ పాయల్లా సమంగా పరిచి, బెత్తెడుకొకటి చొప్పున కట్లు కట్టి, మిగిలిన కొసలు చర్మానికి గీసుకోకుండా కత్తిరించేది. మూత బిగిస్తే అదంతా ఎవరికీ కనబడదు.

ఆయన్ను కిటికీలోంచి ఎక్కువగా చేతులుగానే చూసింది. ఎడమ బొటనవేలి మీద చెరగని కార్బన్ మరక. పిలవాలంటే పెన్నుతో చెక్క మీద రెండుసార్లు కొట్టేవాడు. షాపులో ఆమెను అక్కా అని పిలవనిది ఆయన ఒక్కడే. ఆ సంగతి ఆమె మొదటి నెలలోనే గమనించింది. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ ఆయన ఆఖరి రోజు.

వేరే ఊళ్ళో ఆయన అక్కకు చిన్న జిరాక్సు షాపుంది. ఆవిడ తుంటి ఎముక విరిగింది, ఎవరూ లేరు. భార్య పోయాక ఈయనకూ ఇక్కడ ఎవరూ లేరు, కాబట్టి వెళ్ళడమే సబబని అందరూ అన్నారు. నెల కిందట ఓనరుతో ఆయన వెళ్ళిపోతానని అంటుంటే ఆమె చెక్క గోడ ఇవతల విన్నది. చేతిలో ఉన్న స్క్రూ ఏ డబ్బాలో వెయ్యాలో అప్పుడు కాసేపు తోచలేదు.

పొద్దున ఇస్త్రీ బట్టలు కట్టుకుంటుంటే పిన్ని మంచం మీంచి చూసి, కంప్యూటర్లకు చూపుకోవడానికా అంది. ఉతికినవి ఇవే ఉన్నాయని ఆమె అబద్ధం చెప్పింది. బస్సులో ఒకే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. 'వెళ్ళకపోతే ఏమవుతుంది?' ఒక స్టాపు దగ్గర అది నిలదీసినట్టుంది. ఇంకో స్టాపు దగ్గర అడుక్కున్నట్టుంది. దిగేసరికి మామూలుగా అనడం ఎలాగో కొంచెం పట్టుబడింది. నాలుగింటికి ఆయన్ను తీసుకెళ్ళే బండి షాపు ముందుకు వస్తుంది. అప్పటిలోగా అనాలి.

పదకొండుకు ఆయన, అక్క షాపు కోసం, తన జీతంలోంచి ఒక కంప్యూటరు ఆర్డరు పెట్టాడు. లోపలి సరుకు అయిదు నిమిషాల్లో తేలింది. కేబినెట్ దగ్గర ఆగిపోయాడు. రోజూ జనానికి రెండు నిమిషాల్లో ఎంచిపెట్టే మనిషి, ముప్పావు గంట అరల చుట్టూ తిరిగాడు. ఒకదాని ముందు జాలీ మీద వేళ్ళు రాశాడు, ఒకదాన్ని ఎత్తి బరువు చూశాడు, మళ్ళీ మొదటిదాని దగ్గరకే వచ్చాడు. అల్లుణ్ణి ఎంచుకుంటున్నట్టు ఏమిటయ్యా ఆ తిరగడం అని ఓనరు నవ్వుతుంటే ఆమెకు వినబడింది.

చెక్క మీద పెన్ను చప్పుడు కాలేదు. తలుపు తెరుచుకుంది. ఆయన పెద్ద అట్టపెట్టె మోసుకుని లోపలికే వచ్చాడు. పెట్టె మీది బొమ్మ చూసి ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఒక పక్కంతా అద్దం ఉన్న కేబినెట్. వాటిని ఆయన చేపల తొట్లు అనేవాడు. లోపల ఏమి ఈదుతుందని కొంటారో అనేవాడు.

"చేపల తొట్టి తెచ్చారేంటి?" అంది.

"కొన్నాళ్ళు చేపల్ని చూద్దామని," అన్నాడు. పెట్టె కింద పెట్టి నడుం పట్టుకుని నిలబడ్డాడు. "పదకొండేళ్ళూ మూతలే చూశాను," అన్నాడు.

ఆమెకు ఆ మాట వెంటనే అందలేదు. అందాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బోర్డు పెట్టె విప్పడం మొదలుపెట్టింది. ఆయన బల్ల మీద పెట్టిన పచ్చ స్లిప్పును చదవకుండానే మేకుకు గుచ్చేసింది. సరుకు ఏమిటో ఎలాగూ తెలుసు.

బోర్డు పెట్టెలో వెనక రేకు ఉంటుంది. తీగలు పెట్టుకునే రంధ్రాలున్న పలచని రేకు. బోర్డు కంటే ముందు దాన్ని కేబినెట్ వెనక సందులో టక్కున నొక్కాలి. మర్చిపోయి బోర్డు బిగిస్తే తర్వాత అది పట్టదు, మొత్తం విప్పుకోవాల్సిందే. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ఒకసారైనా మర్చిపోతారు. ఆమె మొదటి నెలలో మర్చిపోయింది. ముసలి మెకానిక్కు తిట్టలేదు, ఒక ఉపాయం చెప్పాడు. అప్పటి నుంచీ పెట్టె తెరవగానే ఆమె రేకును తీసి స్క్రూడ్రైవరు మీద పెడుతుంది. రేకు తియ్యకుండా స్క్రూడ్రైవరు చేతికి రాదు. మళ్ళీ పద్నాలుగేళ్ళలో ఆ తప్పు జరగలేదు.

ఇవాళా అలాగే పెట్టింది. ఇత్తడి కాళ్ళ కోసం డబ్బా మీదికి వంగింది. తలెత్తేసరికి, ఎదురుగా నిలబడిన ఆయన స్క్రూడ్రైవరు తీసి ఆమెకు అందిస్తున్నాడు. ఆయన ఏదైనా చేతికి అందించడం అదే మొదలు. ఆమె తీసుకుంది. ఓనరు పిలిస్తే ఆయన వెళ్ళిపోయాడు.

కేబినెట్ అద్దం ఊడదీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిది కాళ్ళు, బోర్డు, పవర్ సప్లై, డిస్కు. తర్వాత తీగలు. ఈసారి పలక ముందు వైపు కూడా కనబడుతుంది కాబట్టి ప్రతి తీగా ఎక్కడ పలక దాటాలో వేలితో కొలిచి చూసుకుంది. ఒక కట్టు నచ్చక మూడుసార్లు విప్పి కట్టింది. మధ్యలో వచ్చిన రెండు స్లిప్పులను మేకుకు గుచ్చి అలాగే ఉంచింది. రెండు దాటాక ఆన్ చేసింది. ఫ్యాను ఊపిరి పీల్చినట్టు తిరిగింది. ఇక అద్దం మీది పలచని కవరు ఒలిచి బిగించడమే మిగిలింది.

అద్దం ఎత్తేసరికి దాని కింద వెనక రేకు ఉంది.

ఆమె దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఆయన ఎప్పుడు వచ్చాడో, ఆమె భుజం పక్కనుంచి చూశాడు.

"అది లేకపోతే నడవదా?"

"నడుస్తుంది."

"మరి?"

"లోపలికి దుమ్ము పోతుంది. పురుగులు దూరతాయి. జిరాక్సు షాపులో కాగితం పొడి ఒకటి."

ఆయన రేకు వంకా, స్క్రూడ్రైవరు వంకా మార్చి మార్చి చూశాడు. "దాని మీంచి జరిపింది నేనే కదూ," అన్నాడు మెల్లగా.

ఆమె రేకును తీసి బల్ల అంచున పెట్టుకుంది. మూడున్నరకు ఇచ్చేస్తానంది. వెళ్ళి సామాను సర్దుకోమంటుందేమోనని చూసినట్టున్నాడు. అనకపోయేసరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ స్టూలు మీద మనిషి కూర్చుంటే గది ఎంత చిన్నదో ఆమెకు ఇవాళే తెలిసింది.

కట్టిన కట్లన్నీ కత్తిరించింది. స్క్రూలు ఒక్కొక్కటీ విప్పుతుంటే ఆయన అరచెయ్యి చాచాడు. అందులో వేసింది. బోర్డు పైకి తీసి, రేకును సందులో పెట్టి నాలుగు మూలలా బొటనవేళ్ళతో నొక్కింది. టక్కుమంది. మళ్ళీ బిగించేటప్పుడు ఆయన స్క్రూలు ఒకటొకటిగా ఇచ్చాడు. ఆయన అరచేతిలో ఉన్నంతసేపట్లో అవి వెచ్చబడ్డాయి.

'వెళ్ళకపోతే ఏమవుతుంది?' మొదటి స్క్రూ దగ్గర అనబోయింది. అయిదో స్క్రూ దగ్గర మళ్ళీ అనబోయింది.

"మీ అక్కగారి షాపుకు కిటికీ ఉందా?" అంది తొమ్మిదోదాని దగ్గర.

"ఉంది. తీస్తే ఎదురుగా గోడ."

"ఇక్కడా అంతే కదా."

"ఇక్కడ కిటికీ అవతల మీరుండేవాళ్ళు," అన్నాడు. అని, తను అన్నది తనకే వినబడినట్టు ఖాళీ అరచెయ్యి చూసుకున్నాడు.

అనాల్సిన క్షణం అదే. ఆమె నోరు తెరిచింది కూడా. ముందు గదిలోంచి ఓనరు తాళాల గుత్తి గురించి కేకేశాడు. ఆయన లేచి వెళ్ళాడు.

ఆమె కేబినెట్‌ను అవతలి పక్కకు తిప్పింది. అద్దం లేని వైపు, తీగల వైపు. కట్లన్నీ మళ్ళీ కట్టింది. ప్రతి కేబినెట్‌కూ ఆ పక్క పలక మీద తెల్ల మార్కరుతో తేదీ వేసి, పక్కన ఒక టిక్కు పెట్టడం ఆమెకు అలవాటు. తేదీ వేసింది, టిక్కు పెట్టింది. మార్కరు మూత పెట్టలేదు. టిక్కు కింద చిన్న అక్షరాలతో, కాజా కుట్టినంత ఒద్దికగా రాసింది. 'మీరు వెళ్ళకపోతే బాగుండేది.' ఆరేదాకా ఊదింది. దాని మీద ఇనుప మూత జరిపి స్క్రూలు బిగించింది. ఏదైనా పాడైతే తప్ప ఆ మూత ఎవరూ తియ్యరు. తను బిగించినవి అంత త్వరగా పాడవవు.

మూడున్నరకు ఆయన వచ్చి అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపల ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడ మాయమవుతుందో కళ్ళతో వెంబడించాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి వెళ్ళి రేకును వేలితో తడిమాడు.

"బాగా కూర్చుంది," అన్నాడు.

బయట బండి హారన్ కొట్టింది. ఆయన కేబినెట్‌ను అద్దం గుండెకు ఆనేలా ఎత్తుకున్నాడు. గడప దగ్గర తిరిగి, వెళ్ళొస్తానండీ అన్నాడు.

"నిలబెట్టే తీసుకెళ్ళండి. పడుకోబెట్టకండి," అంది ఆమె. అదొక్కటే అనగలిగింది.

మిగిలిన రెండు స్లిప్పుల పని చేసేసరికి అయిదున్నర అయింది. రోజూలాగే డబ్బాల మూతలు పెట్టి, రబ్బరు మీది కత్తిరింపు కొసలు ఏరి, మేకు మీది స్లిప్పులు ఓనరుకు ఇవ్వడానికి తీసింది. పైన రెండూ ఓనరు చేతిరాత. సూచన గడి ఖాళీ.

కింద మూడోది ఆయనది. కొన్నవారి పేరు దగ్గర ఏమీ లేదు. కేబినెట్ దగ్గర 'అద్దం ఉన్నది' అని రాసి ఉంది. సూచన గడిలో రెండే మాటలు, కింద ఎప్పుడూ గీసే రెండు గీతలు.

ఆమె మిగతా రెండు స్లిప్పులూ ఓనరుకు ఇచ్చి, తిరిగొచ్చి లైటు ఆర్పింది. బల్ల మీద, రోజూ వెనక రేకు ఉండే చోట, స్క్రూడ్రైవరు మీద పచ్చ కాగితం పడుకుని ఉంది, మేకు గుచ్చిన కన్నానికి కాస్త కిందుగా, మసక నీలం కార్బన్ అక్షరాల్లో: 'తొందర లేదు.'