మోటారు షెడ్డు తీగ

మా ఆయన హెలికాప్టర్‌తో పొలాలకు మందు కొడతారు. నేను కింద మందు కలిపి, ట్యాంకు నింపి, తీగలు చెబుతాను. తీగలు చెప్పడమంటే, పొలం చుట్టూ నడిచి ఏ కరెంటు తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో చూసివచ్చి ఆయనకు వినిపించడం. పైరు మీద మనిషి ఎత్తున ఎగిరేవాడికి స్తంభం కనిపిస్తుంది గానీ తీగ కనిపించదు. నేను చెప్పాలి, ఆయన అప్పజెప్పాలి. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఇదే. అదయ్యాకే నేను బొటనవేలు ఎత్తుతాను, ఆయన లేస్తారు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం పెట్టుకున్న నియమం.

ముందురోజు మా చెల్లెలింట్లో, భోజనాల దగ్గర, ఆయన మా చెల్లెలితో, "మీ అక్కకి పొద్దస్తమానం చెప్పిందే చెప్పడం పని. ఆ తీగలు నాకు మా ఇంటి గుమ్మాలకన్నా బాగా తెలుసు" అన్నారు. మా మరిది పగలబడి నవ్వాడు. నేను ఆయనతో మాటలు మానేశాను.

పొద్దున్నే మళ్ళీ పొలం చుట్టూ నడిచాను. కోపం కోపమే, పని పనే. తిరిగొచ్చి, సరదాగా చూస్తానని మాతో వచ్చి వ్యాన్‌లో కూర్చున్న మా అత్తగారి దగ్గర నిలబడ్డాను.

"అత్తయ్యా, మీ అబ్బాయితో చెప్పండి. తూర్పు గట్టు వెంట పెద్ద లైను. మూల స్తంభం నుంచి మోటారు షెడ్డుకి పొలం మీదుగా ఒక్క తీగ."

పక్కనే నిలబడ్డ కొడుక్కి ఆవిడ అదంతా చెప్పింది. "విన్నావుట్రా?"

"విన్నానమ్మా. గట్టు వెంట పెద్ద లైను, షెడ్డుకి ఒక్క తీగ. మందు కాస్త చూసి కలపమని నీ కోడలితో చెప్పు."

"ఏనాడైనా చూడకుండా కలిపానేమో అడగండి అత్తయ్యా."

ఆయన హెలికాప్టర్ ఎక్కాక ఆవిడ చేతికి వాకీటాకీ ఇచ్చాను. రెండో ట్యాంకు, మూడో ట్యాంకు అలాగే నడిచాయి. ఆవిడకి విసుగెత్తింది.

"నా వల్ల కాదు తల్లీ. మీ ఇద్దరి మధ్యా నన్ను తీగలా లాగి కట్టారు. మీరూ మీరూ తేల్చుకోండి" అని వాకీటాకీ సీటు మీద పడేసి, అద్దాలు ఎక్కించుకుని కళ్ళు మూసుకుంది.

ఆఖరి ట్యాంకు నింపాను. గొట్టం తీసి, మూత బిగించి, తిరుగుతున్న రెక్కల కింద నుంచి వంగి ఇవతలికి వచ్చాను. మిగిలింది షెడ్డు పక్క మూల ఒక్కటే. నిలువుగా కాదు, అడ్డంగా కొట్టేస్తానని ఆయన చేత్తో చూపించారు. అలాగైతే ఒక్క చుట్టుతో అయిపోతుంది, కానీ ఆ దారి షెడ్డు తీగను దాటుతుంది. మొహంలో పని ముగుస్తున్న హుషారు. నా వేలి కోసం చూస్తున్నారు.

పొద్దుట్నుంచీ ఆ తీగ గురించి తన నోటితోనే మూడుసార్లు చెప్పిన మనిషి! తెలియని తీగ దగ్గర ఎవరైనా జాగ్రత్త పడతారు. కొంప ముంచేది తెలిసిన తీగే.

గుర్తుండే ఉంటుందిలే, గుమ్మాలకన్నా బాగా తెలుసుగా అనుకుంది నా పంతం. వేలు మాత్రం లేవలేదు.

పొద్దుట్నుంచీ వాడకుండా మెడలో వేసుకు తిరుగుతున్న హెడ్‌సెట్ పెట్టుకుని మైకు నోటి దగ్గరకు లాక్కున్నాను. "ఏమండీ, షెడ్డు తీగ."

ఆయన తల షెడ్డు వైపు తిరిగింది, అక్కణ్నుంచి స్తంభం వైపు.

"మర్చిపోయాను." గొంతులో ఆ హుషారు లేదు. "నిజంగా మర్చిపోయానే. సరిగ్గా దాని మీదికే పోయేవాణ్ని. మొత్తం మళ్ళీ చెప్పు."

చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పారు.

"అడ్డంగా వద్దు, తీగ వెంటే కొట్టండి. రెండు చుట్లు ఎక్కువైతే మనకేం రైలు తప్పిపోదు."

"సరే. అయితే మాటలు కలిసినట్టేనా?"

"ఇది డ్యూటీ. ఇంటి సంగతి వేరు."

"ఐతే నేనింక ఇంటికి రాను. ఇక్కడే డ్యూటీలో ఉండిపోతా."

"చాల్లెండి, నోరు మూసుకుని తీగ చూడండి."

"అది కనబడి చస్తేగా! నువ్వున్నది అందుకే."

నవ్వొచ్చింది. ఆయనకు కనపడకుండా మొహం అటు తిప్పుకుని వేలు పైకెత్తాను.