అడుగు వరస కాయ

“ఒక్క సంతకమే కదా లేయా, నీ ఆస్తేం రాసిమ్మనలేదుగా,” అన్నాడు ప్రేమ్ కుమార్, నోట్లోంచి బ్రష్ తీయకుండానే.

లేయా మిక్సీ ఆపలేదు. ఆపితే జవాబు చెప్పాలి. పచ్చడి నలిగాక కూడా ఇంకాసేపు తిప్పింది. తరవాత మూడు క్యారియర్లు సర్దింది. హనుమాన్ జంక్షన్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లే భర్తకొకటి, కూతురు షాలోమికొకటి, తనకొకటి. అత్తగారు సుసన్నాకి ఇడ్లీలు పళ్లెంలో పెట్టి మూత పెట్టింది.

“కరస్పాండెంట్ గారు నాకు ఫోన్ చేశారు. నాకు! కవిత్వం నీ క్లాసులో, చీవాట్లు నా ఫోన్లో.”

“ఉద్యోగం చేసేది నేను కదండీ. నాకే చెప్పొచ్చుగా.”

“నువ్వు వినవని ఆయనకీ తెలిసిపోయినట్టుంది.”

హాల్లోంచి సుసన్నా అందుకుంది. “కూర్చుని పిల్లలకి కబుర్లు చెప్పే ఉద్యోగం. దానికి కూడా తగూలేంటమ్మా?”

తగువు గురువారం మొదలైంది. నూజివీడులో ఒక ప్రైవేటు బడిలో లేయా ఐదో తరగతికి తెలుగు చెబుతుంది. ఆ రోజు పాఠం పోలికలు. ‘మా అమ్మ’ అని, కొంత ఖాళీ వదిలి, ‘లాంటిది’ అని బోర్డు మీద రాసింది. పిల్లలు సగం మంది చందమామ అన్నారు. మిగతావాళ్లు దేవత, మల్లెపువ్వు. పదకొండేళ్లుగా అవే మాటలు. “పుస్తకంలోవి వద్దు. మీ ఇంట్లో, మీ తోటలో, మీ కొట్లో రోజూ చూసేవి రాయండి,” అంది. మామిడికాయల వ్యాపారి నారాయణరావు కూతురు యశస్విని పావుగంట పెన్సిల్ కొరికి, ఇలా రాసింది: ‘మా అమ్మ ట్రేలో అడుగు వరస కాయ లాంటిది. పైకాయల బరువంతా దాని మీదే ఉంటుంది. నలిగినా పైకి కనబడదు. ట్రే దించాకే తెలుస్తుంది.’

లేయా రెండుసార్లు చదివింది. “ఎవరు చెప్పారు నీకిది?”

“ఎవరూ చెప్పలేదు టీచర్. నేనే చూశాను.”

ఎర్ర పెన్నుతో ‘చాలా బాగుంది’ అని రాసి, “ఇంట్లో చదివి వినిపించు,” అంది. చేసిన తప్పు అదొక్కటే.

మర్నాడు నారాయణరావు చింపిన కాగితం తెచ్చి కరస్పాండెంట్ బసవపున్నారావు టేబుల్ మీద పడేశాడు. “కాయ మా కొట్టుదే. మాట ఎవరిదో చెప్పండి,” అన్నాడు. బసవపున్నారావు లేయా పేరున ఒక కాగితం టైపు చేయించాడు. ఈ వాక్యాలు నేనే బోర్డు మీద రాసి ఎక్కించుకోమన్నాను, విద్యార్థినికి గానీ ఆమె కుటుంబానికి గానీ వీటితో సంబంధం లేదు అని. సంతకం పెడితే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే ఉండదు.

ఉద్యోగం పోతే ఏమవుతుందో లేయాకి తెలుసు. తెల్లవారి లేచింది మొదలు ఆ వంటింట్లోనే ఉంటుంది. అయినా పెన్ను పట్టుకోలేకపోయింది. ఇంట్లో కూర కుదిరితే అత్తగారి నేర్పు, మాడితే లేయా చెయ్యి. షాలోమికి ఫస్టు వస్తే తండ్రి తెలివి, జ్వరం వస్తే తల్లి అశ్రద్ధ. చర్చిలో స్త్రీల కూటంలో ఆమె మాట్లాడిన మాట మెచ్చుకున్నవాళ్లు కూడా “ప్రేమ్ గారు బాగా రాసిచ్చారమ్మా” అనే అంటారు. ఒకరి మాట ఒకరి పేరున పోవడం ఎలా ఉంటుందో పెళ్లయిన పధ్నాలుగేళ్లలో ఆమెకు ఒకరు నేర్పనక్కర్లేకపోయింది. ఆ పిల్ల తన కళ్లతో చూసి తెచ్చిన నాలుగు వాక్యాలను తన పేరున రాసుకోవడం దొంగతనం అనుకుంది. పెట్టను, అని సోమవారం పొద్దున బస్సులో మరోసారి అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ యశస్విని తల్లి విజయలక్ష్మి వచ్చింది. ఏప్రిల్ ఎండలో మోచేతులు దాటిన చేతుల జాకెట్టు వేసుకుంది. మాట ఒక పక్క నుంచే వస్తోంది. దవడ వాచింది.

“నేనే చెప్పి రాయించానంటున్నారండీ ఆయన. శుక్రవారం నుంచి ఇదే.”

లేయా కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

“సాయంత్రం దాన్ని మళ్లీ అడుగుతారు. నేనే రాశాను, నేనే రాశాను అంటోంది ఆ మొండిఘటం. మీరు రాయించారని చెప్పండి టీచర్ గారూ.”

“చెబుతానండీ. కాగితం మీద సంతకం పెట్టేస్తాను. మీవారికి...”

“ఆయనకి ఎలాగూ చెబుతారు. నాకు కూడా అలాగే చెప్పండి.”

లేయాకి వెంటనే అర్థం కాలేదు.

“దానికేం తెలీదనుకున్నానండీ,” అంది విజయలక్ష్మి. “దాని ముందు ఎప్పుడూ ఏడవలేదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ట్యాప్ తిప్పుకునేదాన్ని. పొద్దున్నే నవ్వుకుంటూ జడ వేసేదాన్ని.”

బయట పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు. లేయా వాళ్ల వైపు చూసి, ఆవిడ వైపు తిరిగింది.

“నేనే రాయించానండీ. బోర్డు మీద రాశాను. పిల్లలందరూ ఎక్కించుకున్నారు.”

“అందరూనా?”

“అందరూ.”

విజయలక్ష్మి తల ఊపింది. నమ్మిందో, నమ్మాలనుకుందో ముఖంలో తెలియలేదు. కొంగుతో దవడ కప్పుకుని వెళ్లిపోయింది.

బెల్లు కొట్టకముందే లేయా ఆఫీసు గదికి వెళ్లి సంతకం పెట్టింది. బసవపున్నారావు కాగితం మడతపెట్టి, “మీవారు బాగా చెప్పినట్టున్నారు,” అని నవ్వాడు. సాయంత్రం ఇంట్లో కూడా అదే అంటారు.

క్లాసులో యశస్విని లేచి నిలబడింది.

“టీచర్, మీరే రాయించారని అమ్మ గేటు దగ్గర చెప్పింది. నేనే కదా టీచర్ రాసింది?”

పిల్లలందరూ చూస్తున్నారు. లేయా చాక్‌పీస్ తీసుకుంది.

“కాదమ్మా. నేనే చెప్పాను. నువ్వు మర్చిపోయావు.”

యశస్విని కూర్చుంది. వేసవి సెలవులిచ్చే దాకా ఆ పిల్ల క్లాసులో మళ్లీ చెయ్యి ఎత్తలేదు.