ఏడు దెబ్బల దగ్గర

చండ్రుగొండ బస్సు పదకొండుకు గానీ కొత్తగూడెం రాదు. హరిలాల్ ఆ బస్సుకే వస్తాడు. అది తెలిసే జయరాజ్ పదింటికల్లా అంతోనయ్య స్టూడియో మెట్లెక్కాడు. ముందు తానొక్కడే చూడాలి. చూసి, ఆ చోటు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, హరిలాల్ రాగానే వేలు పెట్టి చూపించాలి. ఇరవై రోజులుగా నోటితో చెబుతున్న మాటను ఇవాళ తెర మీద చూపించి నోరు మూయించాలి.

సంగతి చిన్నదే. జనవరిలో కోలరీ కాలనీ గ్రౌండులో యువజన సంబరాలు జరిగాయి. పిల్లల డ్యాన్సులయ్యాక గనిలోకి దిగే వాలు బాట పేరు పెట్టుకున్న జయరాజ్ బ్యాండు 'ఇంక్లైన్' స్టేజీ ఎక్కింది. ముగ్గురే మనుషులు. జయరాజ్ గిటారు, పాస్టరు గారి కొడుకు షాలేమ్‌రాజు పాట, కీబోర్డు, తండా నుంచి వచ్చే హరిలాల్ డ్రమ్స్. వాళ్ళు వాయించేది ప్రోగ్రెసివ్ మెటల్. పాట పదిహేడు నిమిషాలు, అందులో తాళం తొమ్మిదిసార్లు మారుతుంది. ఆ ఊళ్ళో దాని పేరు తెలిసినవాళ్ళు ఆ ముగ్గురే. పన్నెండో నిమిషంలో ఏడు దెబ్బల ముక్క ఒకటుంది, ఏడు దెబ్బలకు ఒక వరుస. అక్కడ పాట విరిగింది. రెండు వరుసలపాటు ఎవరి దారి వాళ్ళది అయిపోయి, మళ్ళీ ఎలాగో కలిసింది. జనానికి తెలియలేదు. వాళ్ళకు మొదటినుంచీ అంతా విరిగినట్టే వినిపించింది.

కానీ ముగ్గురికీ తెలుసు. డ్రమ్ము తడబడటం ముగ్గురూ విన్నారు. హరిలాలే తప్పాడని జయరాజ్ ఆ సాయంత్రం నుంచే అంటున్నాడు. "తప్పినోడు బ్యాండుల ఉండొద్దు" అన్నది కూడా అతనే. హైదరాబాదులో ఒక పెద్ద కాలేజీ పోటీకి ఈ వీడియోనే ఎంట్రీగా పంపాలి. అక్కడికి తప్పేవాణ్ణి వెంటేసుకుని పోలేరు. షాలేమ్‌రాజు ఎటూ చెప్పలేక, "వీడియో చూద్దాం. అండ్ల ఎవరు తప్పినట్టు కనవడితే వాళ్ళు పోవాలె. మాట మాటే" అన్నాడు. ముగ్గురూ ఒప్పుకున్నారు.

అంతోనయ్య ఒంటరి కెమెరా మనిషి. యాభై దాటాయి. పెళ్ళిళ్ళు, చర్చిలో పిల్లల మొదటి దివ్యసత్ప్రసాదాలు, సమాధి కార్యక్రమాలు, అన్నీ ఆయనే తీస్తాడు, ఆయనే కంప్యూటరు ముందు కూర్చుని కోస్తాడు, అతికిస్తాడు. జయరాజ్ తండ్రికి దోస్తు.

"రా బిడ్డా. మీ కచేరీ మొత్తం ఎక్కించిన. సౌండు గూడ మంచిగనే వచ్చింది. చెవులే తట్టుకోలే."

"పన్నెండో నిమిషం పెట్టు చిన్నాయనా."

అంతోనయ్య మౌసు కదిపాడు. తెర మీద బొమ్మ జరిగి ఒక చోట ఆగింది. చెప్పులు తీసేసిన ఒక కుడికాలు. గిటారు పెడళ్ళ పక్కన, స్టేజీ మీది ఎర్ర గుడ్డ మీద, బొటనవేలు కాస్త పైకి లేచి ఉంది. ఆ కాలు తనదేనని జయరాజ్‌కు ఒక్క క్షణం తట్టలేదు. తన కాలిని తాను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు.

బొమ్మ కదిలింది. వరుస మొదలైన ప్రతిసారీ కాలు నేలను కొడుతోంది. ఒకటి మీద పడి, ఏడు లెక్కలు నిండాక మళ్ళీ ఒకటి మీద. నాలుగు వరుసలు గడియారంలా పడింది. ఐదో వరుసలో ఆరు కాగానే దిగిపోయింది. ఒక దెబ్బ ముందే. హరిలాల్ డ్రమ్ముల పక్కనుండే తాళం పళ్ళెం ఇంకా మోగలేదు. కీబోర్డు తన దారిన తాను సరిగ్గా పోతోంది. కాలొక్కటే తొందరపడి, ఏమీ ఎరగనట్టు అదే తప్పు లెక్క మీద మళ్ళీ మళ్ళీ పడుతోంది.

కెమెరా మెల్లగా పైకి లేచింది. మోకాలు, గిటారు, వంగిన తల. తల వెనక హరిలాల్. వాడి చూపు జయరాజ్ కాలి మీద ఉంది. చేతిలోని డ్రమ్ము పుల్ల గాలిలో అర క్షణం ఆగింది. వాడు ఒక దెబ్బ మింగేశాడు. తన సరైన లెక్కను వదిలేసి, పరిగెత్తే మనిషి అడుగు మార్చుకున్నట్టు మార్చుకుని, వచ్చి జయరాజ్ తప్పులో కలిశాడు. ఆ తర్వాత మూడో వరుసకు షాలేమ్‌రాజు కూడా అటే జరిగాడు. అందరూ విన్న తడబాటు అదే.

"మల్ల పెట్టు," అన్నాడు జయరాజ్.

నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి తన కుడికాలిని కుర్చీ కిందికి లాక్కున్నాడు. అది సిగ్గు అని ఎవరైనా అంటే అతను ఒప్పుకునేవాడు కాదు. కోపం వచ్చింది. ముందు దగ్గరున్న మనిషి మీద వచ్చింది.

"కాళ్ళు తీయమని ఎవడు చెప్పిండు నీకు? లోకంల ఏ కచేరీల అన్న కాళ్ళు తీస్తరా?"

"కాళ్ళు తీయకుంటే ఏం తీస్తరు?" అంతోనయ్య నొచ్చుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఏ పెండ్లిల అయినా కింది నుంచే లేపుతున్న. పారాణి, మట్టెలు, చీర కుచ్చిళ్ళు, ఆడి నుంచి మొఖం. గట్ల తీస్తేనే నిండుగ ఉంటది."

"నేనేమన్న పెండ్లికూతురునా?"

"నిలవడ్డది మాత్రం గట్లనే నిలవడ్డవ్. తల వంచుకొని."

జయరాజ్ నవ్వలేదు. అతని మనసు వేరే చోట ఉంది. తప్పు తనది కావడం ఒక దెబ్బ. అది ఎలాగో ఓర్చుకోవచ్చు. హరిలాల్‌కు ఆ క్షణమే తెలుసు, అది ఓర్చుకోలేని సంగతి. తెలిసి, ఇరవై రోజులు తిట్లు తింటూ నోరు విప్పలేదు. అంటే జాలిపడ్డాడు. గనుల కాంట్రాక్టు పనిలో బొగ్గు దుమ్ము మింగి, బస్సు పట్టుకుని రిహార్సల్‌కు వచ్చే వాడు, తన మీద జాలిపడ్డాడు. వాడికి రిహార్సల్‌కు ఇంట్లో గది ఇచ్చినవాడు, సీడీలు ఇచ్చినవాడు, ఏడును మూడూ నాలుగూ అని విడగొట్టి నేర్పినవాడు జయరాజ్. ఇప్పుడు ఈ లెక్క ఎటు తిరిగింది? మనం ఉపకారం చేసిన మనిషిని క్షమించడం తేలిక. మనల్ని కాచినవాణ్ణి క్షమించడానికి గుండె వేరే కావాలి. జయరాజ్‌కు ఆ గుండె లేదు.

"ఈ ముక్క తీసెయ్ చిన్నాయనా."

"పాట మధ్యల తెగుతది గదా."

"బొమ్మే తియ్. సౌండు ఉండనియ్."

"గదెంత పని! చప్పట్ల షాటు ఏస్తా. మొన్న ఒక లగ్గంల మామగారు అలిగి పీట మీదికెల్లి లేచిపోతే, గాడ గూడ చప్పట్లే పెట్టిన. ఇప్పటిదాక ఆళ్ళింట్ల ఎవరికీ తెల్వది."

పావుగంటలో అయిపోయింది. కాలు ఉన్నచోట జనం వచ్చి కూర్చున్నారు.

పదకొండు దాటాక మెట్ల మీద చప్పుడైంది. ముందు షాలేమ్‌రాజు, వెనక భుజాన పుల్లల సంచితో హరిలాల్. హరిలాల్ చొక్కా చేతులకు బస్సు కిటికీ ఎర్రదుమ్ము అంటుకుని ఉంది. జయరాజ్‌ను చూసి తల ఊపలేదు. జయరాజ్ కూడా ఊపలేదు.

"పొద్దున్నే వచ్చినవా?" అన్నాడు షాలేమ్‌రాజు.

"ఇప్పుడే."

అంతోనయ్య దగ్గాడు. వీడియో పెట్టాడు. ముగ్గురూ మొదటి నుంచీ చూశారు. పన్నెండు నిమిషాలు గడిచాయి. ఏడు దెబ్బల ముక్క మొదలైంది. జయరాజ్ తెర వైపు కాక షాలేమ్‌రాజు మొహం వైపు చూస్తున్నాడు. చప్పట్లు కొడుతున్న జనం వచ్చారు. వాళ్ళ వెనక పాట తడబడి, లేచింది. తర్వాత మళ్ళీ గిటారు.

హరిలాల్ ముక్కుతో నవ్వాడు.

"గా ముందర కూసున్నది క్యాంటీన్ రామక్క గాదా? మన పాట అయ్యేదాక చెవులల్ల ఏళ్ళు పెట్టుకొనే ఉన్నది. చప్పట్లెట్ల కొట్టింది? మూడో చెయ్యి మొలిచిందా?"

"పిల్లల డ్యాన్సుకు కొట్టింది అదీ..." అని మొదలుపెట్టి అంతోనయ్య ఆగాడు. జయరాజ్ వంక చూడకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గాడ బొమ్మ కొంచెం ఊగింది. అందుకే ఏసిన."

షాలేమ్‌రాజు చెంప గోక్కున్నాడు. "మరి చూసేటందుకు ఏం లేదు. ఇన్నదే మిగిలింది. ఇంటే డ్రమ్మే తప్పినట్టున్నది. ఏమంటవ్‌రా హరీ?"

జయరాజ్ కోయించిన చోటును అర్థం చేసుకోవడానికి హరిలాల్‌కు ఎక్కువసేపు పట్టలేదు. జయరాజ్ మొహంలోకి ఒకసారి చూసి, వెంటనే చూపు కిటికీ వైపు తిప్పాడు. నలుగురిలో పక్కవాడి లుంగీ జారితే చూడనట్టు మొహం తిప్పుకుంటామే, అలా తిప్పాడు.

"సరే తియ్యి. నేనే తప్పిననుకోండ్రి," అన్నాడు. సంచి భుజానికి సర్దుకున్నాడు. "ఒంటి గంటకు బస్సున్నది."

గెలిచాడు జయరాజ్. బ్యాండు తనది, హైదరాబాదు తనది. నోరు మూసుకుని ఇంకో నిమిషం కూర్చుంటే చాలు, హరిలాల్ మెట్లు దిగిపోతాడు. కానీ ఆ తిప్పుకున్న చూపు అతని ఒంటికి కారంలా అంటుకుంది. రేపు స్టేజీ ఎక్కినప్పుడు ఆ చూపు ఉంటుంది. పెళ్ళి చేసుకుంటే ఉంటుంది. ముసలివాడై మంచాన పడినా, ఎక్కడో ఒక తండాలో ఒక మనిషి తనను చూడనట్టు మొహం తిప్పుకునే ఉంటాడు. దానికంటే వాడు వచ్చి దవడ పగలగొట్టినా బాగుండేది.

"ఆగురా," అన్నాడు. గొంతు తిట్టినట్టే ఉంది. "పెద్ద దాత లెక్క పోతున్నవ్. చిన్నాయనా, అసలుది పెట్టు."

"ఏ అసలుది?" అన్నాడు షాలేమ్‌రాజు.

"పెట్టమంటున్న గదా!"

నిజం చెప్పాలని అతనికి లేదు. బాకీ పడకూడదని ఉంది. రాయి విసిరినట్టు విసిరాడు ఆ మాటను, హరిలాల్ వైపు. అంతోనయ్య కోయని ముక్క పెట్టాడు. కాలు వచ్చింది. ఆరుకు దిగింది. కెమెరా లేచింది. హరిలాల్ పుల్ల గాలిలో ఆగింది.

షాలేమ్‌రాజు రెండుసార్లు వెనక్కి తిప్పించాడు. "ఆరుకే దించినవ్," అన్నాడు మెల్లగా. "నువ్వు, జయా. నువ్వు దించినవ్."

జయరాజ్ అతని వైపు చూడనే లేదు. "నీకు తెలుసు గదరా!" అని హరిలాల్ మీదికి లేచాడు. "గా దినమే చూసినవ్. మరి ఇరవై దినాలు నోరెందుకు మూసుకున్నవ్? నన్ను కాపాడి నా నెత్తి మీద కూసుందామనా? ఎవడడిగిండ్రా నీ దయ?"

హరిలాల్ వింతగా చూశాడు.

"దయనా? నీ మీదనా?" అన్నాడు. "నువ్వెవడివిరా నేను దయ చూపేటందుకు? నువ్వు ఆగవు. షాలేమ్ ఆగడు. నేను నా లెక్కనే పట్టుకుంటే పాట ఆడనే కూలుతుండె. ఎవరో ఒకరు వంగాలె. పాట కోసం వంగిన."

"మరి చెప్పలేదేం?"

"చెప్పలేదా? స్టేజి ఎనుక చెప్పిన. సామాన్లు కూడ సర్దలే అప్పటికి. 'ఆరుకే దించినవ్, చూసుకో' అన్న. నువ్వేమన్నవ్? 'తండాల గెంతెటోనికి ఏడు లెక్క ఏం తెలుసు' అన్నవ్. యాదికి లేదా?"

జయరాజ్ జ్ఞాపకంలో వెతుక్కున్నాడు. స్టేజీ వెనక గుడారపు గుడ్డ గుర్తుంది. జనరేటరు కంపు గుర్తుంది. మంచినీళ్ళ క్యాను మూత దొరకక వెతకడం గుర్తుంది. హరిలాల్ వచ్చి పక్కన నిలబడటం గుర్తుంది. వాడి పెదవులు కదలడం కూడా గుర్తుంది. మాట మాత్రం లేదు. తానన్నదీ లేదు. ఆ చోట ఏమీ లేదు. శుభ్రంగా, మరక కూడా లేకుండా, ఖాళీగా ఉంది. ఇందాకటి నుంచి తాను ద్వేషించిన హరిలాల్ గొప్ప మనసు కూడా ఎక్కడా లేదు. తనే పుట్టించుకున్నాడు దాన్ని.

"అన్నవ్," అన్నాడు షాలేమ్‌రాజు. "నేనున్న ఆడ. తప్పెవరిదో అప్పుడు నాకు తెల్వక ఊకున్న."

అంతోనయ్య తెర మీది బొమ్మను ఆపేశాడు.

"మాట మాటే," అన్నాడు షాలేమ్‌రాజు చివరికి, ఎటో చూస్తూ. "తప్పినోడు ఉండొద్దని నువ్వే పెట్టినవ్ ఆ మాట."

"తెలుసు."

అంతోనయ్య గొంతు సవరించుకున్నాడు. "పంచాయితీ అయితే చెప్పుండ్రి. సీడీల ఏది ఎక్కియ్యాలె? కాలుదా, రామక్కదా?"

"రామక్కదే," అన్నాడు హరిలాల్. "కాలు చూపిస్తే సెలక్షన్ ఎట్లయితది?"

"నేను లేని బ్యాండుకు నా బొమ్మెందుకు?" జయరాజ్ విరుచుకుపడ్డాడు. "నన్ను గూడ తీసెయ్."

"ఎట్ల తీస్తరా?" అన్నాడు అంతోనయ్య. "నడిమిట్ల నిలవడ్డోడే ముఖ్యమనుకొని మొత్తం నిన్నే తీసిన. నిన్ను తీస్తే రామక్క ఒక్కతే మిగుల్తది."

షాలేమ్‌రాజుకు నవ్వు ఆగలేదు. హరిలాల్ నవ్వలేదు. వాడు సంచి దించి, స్టూలు జయరాజ్ ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"మధిరల ఒక పిలగాడున్నడు, కిషోర్ అని. గిటారు కొడ్తడు. చెయ్యి మంచిదే. ఈ ఏడు దెబ్బల ముక్క మాత్రం వానికి రాదు. కట్టింది నువ్వు. నువ్వే నేర్పాలె."

"నేర్ప."

"నేర్పకుంటే పాట పోతది."

"పోనియ్."

"నీ పాటరా అది," అన్నాడు హరిలాల్. అందులో బతిమాలడం లేదు. పనివాడు పనివాడితో, తాడు అటు పట్టు అన్నట్టుగా అన్నాడు. ఆ గొంతులో స్నేహం కోసం వెతికితే ఒక్క చుక్క దొరకదు.

జయరాజ్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అక్కడ ఎవరిదో పెళ్ళి ఫోటో ఉంది, పెళ్ళికూతురి పాదాలు. అంతోనయ్య సీడీ పెట్టి మూత మూశాడు. యంత్రం గరగరమని తిరగడం మొదలుపెట్టింది. అది సగం దాటింది.

"ఎప్పుడొస్తడు వాడు?" అన్నాడు జయరాజ్, గోడతోనే.

"ఆయితారం."

"గిటారు వానిదే తెచ్చుకొమ్మను. నాది ముట్టనియ్య."