పుదీనా కుండీ దిగిన కుర్చీ

అమీర్‌పేట సందులోని ఆ లాడ్జి కౌంటర్ ముందు రుద్రమ్మ వాకర్ పట్టుకుని నిలబడింది. ఆపరేషన్ చేసి మార్చిన మోకాలికి పట్టీ ఉంది. పంజాగుట్ట ఆసుపత్రి నుంచి అప్పుడే పంపించారు. కుట్లు తీసేదాకా, తొమ్మిది రోజులు, దగ్గర్లోనే ఉండమన్నారు. దారిలో ఇబ్బందవుతుందని ఆమె పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగలేదు. ఆ సంగతి కోడలు అనుపమకు తెలుసు.

"పది రోజుల కిందనే చెప్పినం గద అన్నా! వెస్టర్న్ టాయిలెట్ ఉన్న రూమే గావాలె, అత్తమ్మ కింద కూసోలేదని."

కౌంటర్‌లో ఉన్న కమాల్ తల దించుకున్నాడు. "చెప్పిండ్రు మేడం. రాసుకున్న సుత. గా నాలుగు రూములు మా సేటు సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లకిచ్చేసిండు. ఇంటర్వ్యూలున్నయంట. తప్పు మాదే."

అతను మూడు లాడ్జిలకు ఫోన్ చేశాడు. కంప్యూటర్ కోర్సులకొచ్చిన పిల్లలతో అన్నీ నిండిపోయాయి. ఇక్కడ మిగిలింది కింద కూర్చునే టాయిలెట్ ఉన్న గదే.

"నాకేం వద్దు తియ్, ఆపుకుంట," అంది రుద్రమ్మ. అనుపమకు ఏడుపొచ్చింది. తొమ్మిది రోజులు ఎవరు ఆపుకోగలరు?

మెట్లు తుడుస్తున్న ఫఖ్రున్నీసా లేచి వచ్చింది. "ఫికర్ చేయకు అమ్మా. మా అత్త కోసం కుర్చీకి నడుమ రంధ్రం కొట్టించినం. ఆమె పోయి రెండేండ్లాయె. ఇప్పుడు దాని మీద పుదీనా కుండీ పెట్టిన. బల్కంపేటే గద, పోయి తెస్త."

"మరి మెట్లు?" అన్నాడు కమాల్.

"నువ్వు తుడువు అన్నా. చేతులున్నయ్ గద!"

కమాల్ నిజంగానే తుడిచాడు. అరగంటలో ఆటో వచ్చింది. ఫఖ్రున్నీసా కుర్చీని సబ్బుతో రెండుసార్లు కడిగి, ఆ గది బాత్రూంలో సరిగ్గా చోటు చూసి వేసి, ఊపి చూసింది.

"పరాయోళ్లది..." రుద్రమ్మ సిగ్గుపడింది.

"మా అత్త దీంట్ల కూసొనే నన్ను తిట్టేది. మస్తు బలమున్న కుర్చీ, కూసో అమ్మా."

రుద్రమ్మ నవ్వింది. బాత్రూంలోంచి బయటికి వచ్చాక మంచం మీద కూర్చుని, "అనుపమా, నీళ్లియ్యి," అంది. రెండు గ్లాసులు ఆగకుండా తాగింది.

మూడో రోజు కమాల్ పరుగున వచ్చాడు. "మేడం, మీరడిగిన రూము ఖాళీ అయింది!"

"నేను రాను బిడ్డా," అంది రుద్రమ్మ. "గీ పిల్ల రోజూ వచ్చి నా కుర్చీ ఊపి చూసి పోతది. గా రూముల ఎవలు చూస్తరు?"

కొడుకు విక్రమ్ ఫోన్ చేసి లాడ్జి వాళ్లతో కొట్లాడతానన్నాడు. "నువ్వు రాకుంటేనే మంచిది," అని రుద్రమ్మ ఫోన్ కోడలికిచ్చేసింది.

కుట్లు తీసిన రోజు కుర్చీ తానే అప్పజెప్తానని పట్టుబట్టి బల్కంపేట వెళ్లింది. గడప దగ్గర నేల మీద ఉన్న కుండీని చూసి, "నీడల పెట్టినవేందే, సగం ఎండింది," అని కసిరింది. ఫఖ్రున్నీసా నవ్వుతూ కుండీని మళ్లీ కుర్చీ మీదికెత్తింది. వేళ్లతో సహా రెండు కొమ్మలు తీసి, తడిగుడ్డలో చుట్టి రుద్రమ్మ ఒళ్లో పెట్టింది.

ఊరు చేరేదాకా రుద్రమ్మ ఆ గుడ్డను ఆరనివ్వలేదు.