తిరిగొచ్చిన పిలుపు

ఫిల్మ్ నగర్‌లో సుబ్బరామయ్యగారి టైటిల్స్ ఆఫీసు పొద్దున్నే పిలుపులతో మొదలయ్యేది. ఆయన మేడ మీది గదిలోంచి కదలరు. ఎవరు కావాలన్నా గొంతెత్తి పిలుస్తారు. మనిషి ఉంటే పిలుపు అతని దగ్గరే ఆగిపోయేది. లేకపోతే క్యాంటీనూ, పక్క డబ్బింగ్ థియేటరూ వెతికి, ఉసూరుమంటూ తిరిగొచ్చి వరండా గ్రిల్ మీద వాలేది. అక్కడ చేరిన పిలుపుల్ని సాయంత్రం ఆఫీసు ఊడ్చే కొమురమ్మ చీపురుతో దులిపేసేది. ఇంతమంది యాడికి పోతరో అని గొణుక్కోవడమే తప్ప ఆమెకీ అందులో వింతేమీ కనబడలేదు.

కింద గదిలో కంప్యూటర్లు. కాకినాడ నుంచి వచ్చిన సత్యనారాయణమూర్తి ప్రోగ్రాములు రాసేవాడు. ఎర్రగడ్డ నుంచి బస్సులో వచ్చే బాలమణి వాటిని నడిపేది. ఆర్టిస్టు చేత్తో రాసిన సినిమా టైటిళ్ళని పగలంతా స్కాన్ చేసి దిద్దేవారు. సాయంత్రం మూర్తి సి భాషలో రాసిన ప్రోగ్రాం ఆ ఫైళ్ళని కుదించి దాచి, అసలువి తుడిచేసి, రేపటికి చోటు చేసేది. కుదించే పని అది సొంతంగా చెయ్యదు. అదే మిషన్లో ఉండాల్సిన ఇంకో ప్రోగ్రాంని పేరు పెట్టి పిలిచి చేయిస్తుంది.

పిలిచాక సున్నా వస్తే పని అయినట్టేనని మూర్తి నమ్మకం. ఆ పాతకాలపు డాస్ మిషన్లలో సున్నాకి అర్థం, కబురు పట్టుకెళ్ళినవాడు వెళ్ళొచ్చాడని మాత్రమే. ఇంట్లో మనిషి ఉన్నాడో లేదో అది చెప్పదు. సి భాష పుస్తకంలో ఆ సంగతి ఉంది. మూర్తి అంత దూరం చదవలేదు. అతనికి తొందర ఎక్కువ, తన మీద తనకి గౌరవం ఇంకా ఎక్కువ.

కొత్త మిషన్ కొన్నారు. ఆ వారం విడుదలయ్యే సినిమా టైటిళ్ళన్నీ అందులోకి మార్చారు. కుదించే ప్రోగ్రాం వెయ్యడం మాత్రం మూర్తి మరిచిపోయాడు. బాలమణి రోజూలాగే మీట నొక్కింది. సున్నా వచ్చింది, ఫైళ్ళన్నీ తుడుచుకుపోయాయి, దాచిందేమీ లేదు. పిలుపు మాత్రం మిషన్లోంచి బయటికొచ్చి మానిటర్ మీద కూర్చుంది. దాన్ని చూడగానే మూర్తికి అంతా అర్థమైంది.

మళ్ళీ స్కాన్ చేసి దిద్దాలంటే విడుదల వాయిదా పడక తప్పదు. ఎన్నడూ మెట్లు దిగని సుబ్బరామయ్యగారు దిగొచ్చి, ఎవరు చేశారని అడిగారు.

"బాలమణి నొక్కిందండీ," అన్నాడు మూర్తి. అబద్ధం కాదు. అంటూనే మానిటర్ మీది పిలుపుని అరచేత్తో కప్పేశాడు.

"సారు రాసిందే నడిపిన సార్. దినాం నొక్కినట్లే నొక్కిన," అంది బాలమణి. మూర్తి మానిటర్ మీంచి అరచెయ్యి తియ్యలేదు. సుబ్బరామయ్యగారు ఆమెని రేపట్నుంచి రావద్దన్నారు.

మర్నాడు పైనుంచి "మూర్తిగారూ" అని పిలుపొచ్చింది. అతను అండీ అంటూ లేచాడు. పిలుపు అతని పక్కనుంచే పోయి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వెతికి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చి గ్రిల్ మీద వాలింది. మూర్తి రాలేదన్నమాట అనుకున్నారు అందరూ. అతని బల్ల మీద టీ కూడా పెట్టలేదు. ఎదురుగా కూర్చున్నా తను లేడని ఆఫీసంతా ఒప్పేసుకుంటుంటే మూర్తికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నేనిక్కడే ఉన్నానని అరవడానికి నోరు రాలేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది.

ఆ సిగ్గుతోనే ప్రోగ్రాం తెరిచాడు. ఎవరినైనా పిలిచే ముందు, ఆ పేరుగల ఫైలు మిషన్లో నిజంగా ఉందేమో ప్రోగ్రాములుండే చోట్లన్నీ వెతకాలి, లేకపోతే దేన్నీ ముట్టుకోకుండా ఆగిపోవాలి అని రాశాడు. ఒక కప్పు టీ చల్లారేలోపు అయ్యే పని. ఇంత చిన్న పని చెయ్యక ఒకరి పొట్ట కొట్టానని ఏడుపొచ్చింది. లేచి మేడ ఎక్కాడు.

"బాలమణి తప్పు లేదండీ," అన్నాడు. "ఆ ప్రోగ్రాం ఉందో లేదో చూడకుండా నేనే తుడిపించేశాను. తెలిసి కూడా ఆ అమ్మాయి మీదికి తోసేశాను."

సుబ్బరామయ్యగారు తలెత్తి చూశారు. "మీరు ఆఫీసులోనే ఉన్నారా?" అన్నారు. తర్వాత వరండాలోకి వెళ్ళి బాలమణిని పిలిచారు. పిలుపు బస్టాపు దాటి ఎర్రగడ్డ వైపు వెళ్ళింది. చీకటి పడేదాకా మూర్తి గ్రిల్ దగ్గరే నిలబడ్డాడు. అది తిరిగి రాలేదు.

పొద్దున్నే బాలమణి వచ్చి, అతని వైపు చూడకుండా కూర్చుని, నిన్న సాయంత్రం ఆగిపోయిన పనికి మీట నొక్కింది. కుదించే ప్రోగ్రాం ఇంకా ఈ మిషన్లో లేదని తెర మీద ఒక్క ముక్క పడి మిషన్ ఆగింది. నిన్న మళ్ళీ స్కాన్ చేసిన ఫైళ్ళన్నీ అలాగే ఉన్నాయి.

"మూర్తిసార్, అది లేదంటున్నది. ఏం జెయ్యమంటరు?"

ఆ పిలుపు ఎటూ పోకుండా నేరుగా అతని దగ్గరికొచ్చి ఆగింది. మూర్తి తల దించుకునే లేచి, ఆమె బల్ల దగ్గరికి నడిచాడు.