మామగారు చెవి పెట్టే వేళ

మా షాపులో ఏ బండి ఇంజను విప్పి బిగించినా, చివర్లో టాపెట్ల సందు సరిచేసేది మామగారే. అదీ చెవితోనే. ఆయన స్టూలు లాక్కుని బండి పక్కన కూర్చున్నారంటే నేను రేడియో కట్టేసి ఫ్యాను ఆపుతాను. వెనక వంటింట్లో అత్తయ్య గిన్నెలు కదపడం మానేస్తుంది. పక్క కొట్టులో చెప్పులు కుట్టే అతను కూడా సుత్తి కింద పెడతాడు. పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొసను ఇంజను మూతకీ రెండో కొసను చెవికీ ఆనించి మామగారు కళ్ళు మూసుకుంటారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదకొండేళ్ళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమయం అది. ఇంజను ఒక్కటే మాట్లాడుతుంటే నేను నిలబడ్డచోటే ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని. ఎవరైనా పిలిస్తే తిరిగి రావడానికి కాస్త టైము పట్టేది.

మా ఆయన బస్సు డ్రైవరు. స్పానరు ఇస్తే ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియదు. నాకు తెలుసు. అందుకే మామగారి పక్కన నేను తేలాను. "నా కొడుకు చేసిన ఒకే ఒక్క మంచి పని నిన్ను చేసుకోవడం" అంటారాయన, కొడుకు వింటుండగానే.

వాల్వు గురించి మొదటిరోజు ఆయన చెప్పింది ఇంతే. ఇంజను ఊపిరి తీసుకోవడానికొక తలుపు, వదలడానికొక తలుపు. తలుపుకీ, దాన్ని తోసే టాపెట్ అనే చేతికీ మధ్య కాగితం మందం ఖాళీ ఉండాలి. ఖాళీ ఎక్కువైతే టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. మరీ తక్కువైతే చప్పుడు ఉండదు గానీ, వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట ఆ సందులోంచి జారుకుంటూ దాని అంచును కాల్చేస్తుంది.

ఆ రోజు పొద్దున్నే టైలరు బాబాయ్ తన బండిని తోసుకుంటూ వచ్చాడు. ఆ బండి నాకంటే వయసులో పెద్దది. కిక్కు కొడితే కాలికి బరువే తగలడం లేదు, అంటే లోపల గాలి నిలవడం లేదు. ఎనిమిది నెలల్లో ఇది మూడోసారి. కిందటి రెండుసార్లూ పొగ వదిలే వాల్వే కాలిపోయింది, రెండుసార్లూ కొత్తది వేశాం. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఏం పోస్తున్నావు బాబాయ్ దీంట్లో? లేకపోతే నాలుగో గేరులో గోడలెక్కిస్తున్నావా?" అన్నాను, చెప్పులు కుట్టే అతనికి కూడా వినబడేలా.

"నేనేం చేశానమ్మా, బట్టల మూటలు మోసుకున్నానంతే" అని టైలరు బాబాయ్ నీళ్ళు నమిలాడు. సాయంత్రం వస్తానని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంజను పైభాగాన్ని విప్పి బల్ల మీద తలకిందులుగా పెట్టాను. గిన్నెలా ఉన్న గుంటలో కిరసనాయిలు పోశాను. వాల్వులు రెండూ సరిగ్గా మూసుకుంటే అది అక్కడే నిలవాలి. నిమిషంలోపే పొగగొట్టం దారిలోంచి చుక్కలు మొదలయ్యాయి. స్ప్రింగును క్లాంపుతో నొక్కి, గోరంత లాకులు రెండూ తీసి, వాల్వు బయటికి లాగాను. అంచు ఒక పక్క ఎలుక కొరికినట్టుంది. స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే పొట్టిగా కుంగిపోయింది. కొత్త వాల్వును దాని గొట్టంలో దూర్చి అటూ ఇటూ ఊపి చూశాను. ఊగలేదు, గొట్టం బాగానే ఉంది. వాల్వు అంచుకి అరగదీసే పేస్టు రాసి, దానికి తగిలించిన పుల్లను అరచేతుల మధ్య చలికి చేతులు రుద్దుకున్నట్టు రుద్దుతూ అరగంట కూర్చున్నాను. సరసరమనే చప్పుడు మెల్లగా మెత్తబడి, వాల్వు చుట్టూ బూడిదరంగు గీత ఎక్కడా తెగకుండా వచ్చింది.

కొత్త స్ప్రింగులు బిగించి మళ్ళీ కిరసనాయిలు పోసి ఎదురుచూశాను. ఈసారి నిలిచింది. పైన రేకుల కప్పుకి ఉన్న చిల్లులోంచి ఎండ చుక్కొకటి దాంట్లో పడి, రంగులు రంగులుగా విచ్చుకుని, అటూ ఇటూ ఊగింది. దాన్ని చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో నాకే తెలియదు. "అమ్మాయ్, ఉన్నావా, వెళ్ళావా?" అని మామగారు అడిగాకే కదిలాను.

అంతా బిగించాక, సందు కొలిచే పల్చటి రేకు పెట్టి టాపెట్లు సరిచేశాను. ఆయన నవ్వారు. "రేకు నీకు, చెవి నాకు. జరుగు."

రేడియో, ఫ్యాను, గిన్నెలు, సుత్తి అన్నీ ఆగాయి. నాకైతే ఇంజను వెన్నలా నడుస్తున్నట్టే ఉంది. మామగారు మొహం చిట్లించారు.

"టిక్కుమంటోంది."

ఇంజను ఆపి, మర కొద్దిగా బిగించి, మళ్ళీ స్టార్టు చేశారు. "ఇంకా ఉంది." మళ్ళీ బిగించారు. నాకు ఏ టిక్కూ వినిపించలేదు. నా చెవికి ఇంకా చదువు రాలేదనుకుని ఊరుకున్నాను. నాలుగోసారికి ఆయన విసుగ్గా లేచారు. "పూర్తిగా పోలేదు. సరేలే, అన్నం తిందాం."

మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయింది. నేను షాపులో చాప మీద వాలి, నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తేలుతున్నాను. కళ్ళు మూస్తే కొరికిన వాల్వే కనిపిస్తోంది. ఒకటి కాదు, వరసగా. లేచి వెళ్ళి, చల్లబడిన ఇంజను మూత తీసి టాపెట్ సందులో రేకు పెట్టాను. దూరలేదు. దానికంటే పల్చటిది పెట్టాను. రేకుల కట్టలో అన్నిటికంటే పల్చటిది కూడా దూరలేదు, అసలు ఖాళీయే లేదు.

 టైలరు బాబాయ్ బండి, పాలతని బండి, డ్రిల్లు మాష్టారి బండి, ఈ ఏడాది తిరిగొచ్చినవన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు నిలబడ్డాయి. అన్నిట్లోనూ కాలింది పొగ వాల్వే. అన్నిటికీ చివర్లో చెవి పెట్టింది మామగారే. వాల్వులు అమ్మినవాణ్ణి తిట్టాను, బండి నడిపినవాళ్ళని తిట్టాను. లేని చప్పుడు ఆయనకు వినిపిస్తోందని నాకు తట్టనే లేదు.

ఊళ్ళో జనం ఈ షాపుకి వచ్చేది ఆ చెవి కోసమే. అది చెడిందని ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే బండ్లు కాలుతూనే ఉంటాయి. పిరికిదాన్నై ఒక దారి వెతుక్కున్నాను. ఆయన బిగించాక, ఆయన చూడనప్పుడు నేను మళ్ళీ సరిచేసేస్తే సరి. అలా ఎన్నేళ్ళయినా గడిపేయొచ్చు. అప్పటికప్పుడే సందు సరిచేసి, ఏమీ ఎరగనట్టు మూత పెట్టేశాను.

నా తెలివి నాలుగింటిదాకా కూడా నిలవలేదు. మామగారు లేచి మొహం కడుక్కుని తిన్నగా బండి దగ్గరికే వచ్చారు. "ఆ టిక్కు నన్ను పడుకోనివ్వలేదమ్మాయ్. ఇంకోసారి వింటాను."

అన్నీ ఆపాను. ఇంజను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

"తగ్గకపోగా ఎక్కువైంది. స్పానరియ్యి."

స్పానరు ఇవ్వలేదు. ఎప్పుడూ తాకని మనిషిని, మణికట్టు పట్టుకుని ఆపాను. రెండో చేత్తో తాళం తిప్పి ఇంజను ఆపేశాను.

"ఇప్పుడు వినండి మామయ్యా."

"నీకేమైనా పిచ్చా? ఆపేసిన బండిలో ఏం వినిపిస్తు..." అని ఆగిపోయారు.

 తర్వాత స్క్రూడ్రైవరు మెల్లగా చెవి మీంచి తీశారు. గోడవైపు తల తిప్పారు, వీధివైపు తిప్పారు. ఎడమ చెవిని అరచేత్తో మూసుకున్నారు.

"ఇది బండిది కాదా?" అని అడిగారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అంతా చెప్పేశాను. చెబుతూ ఏడ్చేశాను.

"టైలరుది రెండుసార్లూ నేనే?"

"అవును మామయ్యా."

"మాష్టారిది?"

"అదీ."

ఆయన బల్ల మీదున్న కాలిన వాల్వును తీసుకుని దాని అంచు తడుముతూ కూర్చున్నారు. వంటింటి గుమ్మంలో అత్తయ్య ఎప్పుడొచ్చి నిలబడిందో మేమిద్దరం చూడలేదు. "చెవి డాక్టరు దగ్గరికి రేపే వెళ్తున్నాం" అంది. 

అదే సమయానికి టైలరు బాబాయ్ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే మామగారు లేచి నిలబడ్డారు.

"తమ్ముడూ, నీ బండిని పాడుచేసింది నేనే. నా చెవిలో ఏదో మోగుతుంటే నీ ఇంజను అనుకుని బిగించాను. కోడలు నిన్ను ఊరికే మాటలంది."

టైలరు బాబాయ్ మా మొహాలు మార్చి మార్చి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకు సూదిలో దారం ఎక్కించేది మా ఆవిడే అన్నా. నాలుగేళ్ళయింది. ఎవరితోనూ అనకు."

మామగారు నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. స్టూలును నావైపు తోశారు. స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టారు.

"కూర్చో. వింటూ చెప్పు, ఒక్కటీ వదలకుండా."

కిక్కు కొట్టి కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే స్క్రూడ్రైవరు పిడిలోంచి ఇంజను నా తలలోకి నడిచొచ్చింది. "కింద బరువుగా, గుండ్రంగా తిరుగుతోంది మామయ్యా. పైన సన్నగా, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు ఒక చప్పుడు."

"అది చైను. ఉండాలి. ఇంకా?"

"వాల్వులు తెరుచుకోవడం, మూసుకోవడం. రెండూ ఒకే వరసలో, మెత్తగా."

"టిక్కు?"

"లేదు."

"అస్సలు లేదా?"

"అస్సలు లేదు మామయ్యా."

"అంత బాగుందా?" అన్నారు. నేను కళ్ళు తెరిచి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, కుడి చెవి నా నోటి దగ్గరికి పెట్టి కూర్చున్నారు, చిన్నపిల్లాడిలా. "ఆపకు. చెప్పు."

ఇంజను గురించి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా చెబుతూనే ఉన్నాను.