భీముడి కొట్టు

కొట్టు గుమ్మం ఊడుస్తూ అప్పలనర్సమ్మ లోపలివాణ్ణి తిడుతోంది. అరకు లోయలో ఆసుపత్రి వెనకున్న పశువుల పాకకి మట్టిగోడలు పెట్టి, మన్యంలో తిరగబడిన పితూరీ అణిగిన మరుసటి ఏడు పిచ్చివాళ్ళ కొట్టు చేశారు. కప్పు సగం కూలింది. లోపల గుంజకి గొలుసుతో భీముడు. అన్న గుడిసెకి నిప్పు పెట్టాడని సొంత ఊరివాళ్ళే తెచ్చి పడేశారు. తిరిగొస్తే చంపుతామని మరీ చెప్పి పోయారు.

"పక్కకి జరుగు, సచ్చినోడా. నీ కంపుతో సస్తన్నాను."

భీముడు జరిగాడు. ఆమె తిట్లకి తప్ప అతను మరి దేనికీ కదలడు.

ఆ పూట విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టరు దొర వస్తున్నాడు. ఆయన పిచ్చిని కళ్ళారా చూసి రాస్తే, ఆ కాగితం కలెక్టరు చేతిమీదుగా మద్రాసు వెళుతుంది. మద్రాసు సర్కారు ఒప్పుకుంటే పెంకుల కప్పు, రోగికి తిండి. లేకపోతే కొట్టు మూత.

"దొర వెళ్ళేదాకా వాడికి అంబలి పొయ్యకు," అన్నాడు కాంపౌండరు గణపతిరావు. "వాడు అరవాలి, కరవాలి. అప్పుడే డబ్బు మంజూరవుతుంది."

"ఒక పూట కూడు ఆపితే మీరూ కరుత్తారు బాబూ."

"నోరు ముయ్యి. నీ జీతం కూడా అందులోంచే."

ఆమె మళ్ళీ చీపురు అందుకుంది. పొద్దు నడినెత్తికొచ్చినా దొర గుర్రం ఘాటీ దారి ఎక్కి రాలేదు. భీముడు గోడ మట్టి గీకి నోట్లో పెట్టుకుంటున్నాడు. అది చూసి అప్పలనర్సమ్మ కుండ మూత తీసింది.

అతను తన ఎండు సొరకాయ బుర్రలో పోస్తేనే తాగుతాడు. చోడంబలి గుటకలు వేస్తుంటే ఆమె చేతులు ఊరుకోలేదు. ఆముదం రాసి జుట్టు దువ్వింది. బర్మాకి కూలికి పోతూ రంగం ఓడ ఎక్కేనాడు పెనిమిటికీ ఇలాగే దువ్వింది. ఆయన మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఆమె ఇంకెవరి తలా ముట్టలేదు. భీముడు తల తడుముకుని, జిడ్డు వేళ్ళు చూసుకుని, మళ్ళీ సొరకాయ బుర్ర ఎత్తి తాగాడు.

దొర వచ్చేసరికి అతను కడుపు నిండి కుదురుగా కూర్చున్నాడు. లేచి దణ్ణం కూడా పెట్టాడు. దొర నవ్వి తన భాషలో ఏదో అన్నాడు.

"వీడికి జబ్బేమీ లేదట," అన్నాడు గణపతిరావు పళ్ళు బిగించి. "సర్కారు సొమ్ము దండగట. గొలుసు విప్పమన్నారు."

"ఊరోళ్ళు సంపేత్తారు. దొరకి సెప్పండి."

"నువ్వే చెప్పుకో. పెళ్ళికొడుకులా ముస్తాబు చేసింది నువ్వేగా."

ఆమె దొర గుర్రానికి అడ్డం నిలబడింది.

"రేపు రండి బాబూ. రేపు కూడెట్టను. రేపు అరుత్తాడు."

గణపతిరావు ఆ మాట దొరకి చెప్పలేదు.

గొలుసు విప్పగానే భీముడు అప్పుడే మొదలైన తుంపరలో తన ఊరి దారే పట్టాడు.

"అటు కాదురా, సచ్చినోడా. ఎనక్కి రా."

ఈసారి ఆ తిట్టుకి అతను ఆగలేదు. కొండమలుపులో ఆ వీపు మాయమవక ముందే ఆమె మొహం తిప్పుకుని, చీపురు తీసుకుని కొట్టులోకి వెళ్ళింది.

గుంజ పక్కన సొరకాయ బుర్ర ఒరిగి ఉంది. మూతి దగ్గర అంబలి తడి, పొట్ట మీద ఆముదం వేళ్ళ ముద్రలు.